అప్ప పట్టుకెళ్ళిన సారె

మొన్న ఆదివారం పొద్దున్న మా గుమ్మంలో చేపల తట్ట దిగిన చప్పుడయింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. తట్ట ముందు అరుగు అంచుకి తగులుతుంది, తర్వాత "హమ్మయ్యా" అని ఓ నిట్టూర్పు, ఆ తర్వాత తలమీది గుడ్డచుట్ట తీసి దులపడం. ఆదివారం మాత్రం తట్ట ఒక్కటే దిగింది. నేను చేతిలో గరిటెతోనే బయటికి పరిగెత్తాను. అక్కడ నిలబడింది ఆవిడ తమ్ముడు. ఆవిడ పోయి అప్పటికి నెల దాటింది. ఆ సంగతి నా బుర్రకి తెలుసు గాని కాళ్ళకి ఇంకా తెలిసినట్టు లేదు.

ఆవిడని మా వీధిలో అందరం అప్ప అనేవాళ్ళం. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. బడికెళ్ళే పిల్లలకీ అప్పే, పళ్ళూడిన పెద్దలకీ అప్పే. ఆవిడ ఊరు కళింగపట్నం దారిలోంచి లోపలికి, సముద్రం ఒడ్డున. పొద్దున్నే ఆటోలో దిగి, తట్ట నెత్తికెత్తుకుని, వీధి ఆ చివర్నుంచి ఈ చివరికి వచ్చేసరికి మా ఇల్లు తగిలేది. "సేపలో" అని అరవడం ఆవిడకి నామోషీ. తను వచ్చిందని చేపల వాసనే చెబుతుందనేది.

ఆవిడ దగ్గర మనం చేపలు కొనడం ఉండదు. ఎవరేం తినాలో ఆవిడే పంచేది.

"టీచరమ్మా, నీకీయాల కవళ్ళు."

"ఆ పాలసొర ఉంది కదా అప్పా, అది ఇయ్యి."

"అది నీకు కాదు. ఎదురింటి బాలింతరాలికి. పాలు పడతాయి. నీకెందుకు?"

నాకు కోపం వచ్చేది. డబ్బు ఇచ్చేది నేను, తినేది నేను, ఏం తినాలో చెప్పేది ఈవిడా అని. ఆ కోపం మీద రెండు మూడు రోజులు మార్కెట్లో కొన్నాను కూడా. నాలుగో రోజు గుమ్మంలో కూర్చుని "మార్కెట్లో ఐసు ముక్కలు తిన్నావా, టీచరమ్మా? సల్లగున్నాయా?" అని అడిగింది. మా వీధి కుక్క కూడా నా వంక చూసినట్టనిపించింది. మళ్ళీ మార్కెట్ వైపు వెళ్ళలేదు.

బేరం అంతా అయ్యాక చుట్ట వెలిగించేది. మా వైపు సముద్రపు ఆడవాళ్ళు చాలామంది కాల్చినట్టే అడ్డపొగ, అంటే నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని. కొత్తవాళ్ళెవరైనా చూస్తే హడలిపోయేవారు. ఆవిడ మాత్రం నిప్పు నోట్లో పెట్టుకునే వీధి కబుర్లన్నీ చెప్పేది. చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి తట్టలోంచి ఓ చేప తీసి నా గిన్నెలో పడేసేది. అది కొసరు. అడిగితే వచ్చేది కాదు. అడగకపోతే వచ్చేది.

నేను ఊరి చివర హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా ఆయనకి గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగం, వారానికోసారి ఇంటికొస్తారు. ఓ ఏడు దసరా సెలవులకి అమ్మాయిని అమ్మమ్మగారింట్లో ఉంచి గోవా వెళ్దామని టిక్కెట్లు తీసుకున్నాం. పాఠంలో పోర్చుగీసువాళ్ళ గురించి చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. వాళ్ళు కట్టిన చర్చిలు ఒక్కసారైనా కళ్ళారా చూడాలని నా కోరిక. ఈ కబురు ఎలా తెలిసిందో, మర్నాడు అప్ప తట్ట దించకుండానే అడిగింది.

"ఏటి, గోవా ఎల్తన్నావట?"

"అవునప్పా."

"నన్నూ తీస్కెల్లు."

"గోవాలో నీకేం పని?"

అప్పుడు తట్ట దించింది. చుట్ట తీసింది గాని వెలిగించలేదు. ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడటం నేను అప్పుడే చూశాను.

తమ్ముడి కథ చెప్పింది. తల్లి పోతే ఆవిడే పెంచింది. వాళ్ళ ఊళ్ళో చాలామంది మగవాళ్ళలాగే అతనూ దూరపు రేవుల్లో పెద్ద పడవల మీద పనికెళ్ళాడు. గోవాలో కొన్నాళ్ళు చేశాడు. ఓసారి నడిసముద్రంలో గాలివానకి పడవ ఇంజను ఆగిపోయింది. పడవ ఓ పక్కకి ఒరిగి, ఎటు పోతోందో తెలీకుండా కొట్టుకుపోయింది. పడవలో ఉన్నవాళ్ళందరూ ఎవరి దేవుణ్ణి వాళ్ళు పిలుచుకుంటుంటే, ఇతనికి తను రోజూ రేవు దగ్గర్లో చూసే చర్చి గుర్తొచ్చిందట. ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. పడవలోంచి చూడటమే.

"తల్లీ, గట్టెక్కించు, మా అప్ప సేత నీకు సారె ఎట్టిస్తానని మొక్కీసినాడే. సారె మొగోడు ఎట్టకూడదు కదా. గట్టెక్కినాడు. ఇంటికొచ్చీసినాడు. ఏడాదైపోనాది, గట్టునే కూకుని ఊరోల్ల వలలు కుడతన్నాడు. మొక్కు తీరనిదే నీల్ల మీద కాలెట్టడట. ఆడి పెల్లాం ముకం సూడ్లేకపోతన్నాను."

"అతన్నే తీసుకెళ్ళి ఆ గుడి చూపించమనకపోయావా?"

"ఆ నీల్లు మల్లీ సూడనంటన్నాడు. గోవా అంటే సాలు, లేసెల్లిపోతాడు."

"ఏ చర్చో తెలుసా?"

"తెల్లగుడి. నదిలోంచి కనపడతాది. ఎడం సేతి పక్క. అంతే సెప్పినాడు."

ప్రయాణం దగ్గర పడ్డాక మా ఆయనకి సెలవు రద్దయింది. నేను ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే ఆయనే అన్నారు, అప్పని తీసుకెళ్ళమని. ఆయన టిక్కెట్టు రద్దు చేసి ఆవిడకి ఇంకోటి తీశాం. ఆమదాలవలస స్టేషన్లో ఆవిడ ఒక సంచి, ఒక బుట్టతో ప్రత్యక్షమైంది. సంచిలో దారి తిండికి ఎండు నెత్తళ్ళు, వేలెడంత చేపలు. బుట్టలో సారె: ఎర్రంచు ఆకుపచ్చ చీర, రవికెల గుడ్డ, పసుపు, కుంకం, గాజులు, ఇంట్లో వండిన అరిసెలు, ఓ కంచు పళ్ళెం. బుట్ట పై బెర్తు మీద పెట్టి తను కింద కూర్చునే నిద్రపోయింది. నెత్తళ్ళ వాసనకి పక్క బెర్తులవాళ్ళు లేచి చూస్తుంటే, నేను ఆవిడెవరో తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూశాను. కాసేపటికి నా భుజం మీద చెయ్యి పడింది.

"ఒసే, తింటావేటి?"

అంతవరకు టీచరమ్మా అనేది. ఆ రైల్లో ఒసే అయ్యాను. మళ్ళీ ఎప్పుడూ టీచరమ్మని కాలేదు. ఆ నెత్తళ్ళు తిన్నాను, చాలా బావున్నాయి.

గోవాలో దిగాక అందరూ చేసే పని సముద్రం చూడటం. నేనూ పద అన్నాను. "సముద్రం మా ఇంటెనకాలే ఉన్నాది. దాన్ని సూడ్డానికి ఇంత దూరం రావాలేటి?" అని లాడ్జి మెట్ల మీదే కూర్చుంది. మర్నాడు తెల్లారి టాక్సీ మాట్లాడుకున్నాం. సాయంత్రానికి రైలు, కాబట్టి సామాన్లు కారులోనే. డ్రైవరు అక్కడివాడే, నడివయసు మనిషి, హిందీలో మాట్లాడాడు. నదిలోంచి కనిపించే తెల్ల చర్చికి వెళ్ళాలి అని చెబితే స్టీరింగ్ మీద చెయ్యేసి నవ్వాడు. గోవాలో చర్చిలన్నీ తెల్లవే, సగం నది ఒడ్డునే ఉంటాయి అన్నాడు.

"ఎడం చేతి పక్క" అన్నాను.

"వెళ్ళేటప్పుడా, వచ్చేటప్పుడా?" అన్నాడు.

నేను అప్ప వంక చూశాను. అప్ప నా వంక చూసింది. తమ్ముడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పాత గోవాలో అన్నిటికంటే పాత చర్చిలున్నాయి, అక్కణ్ణుంచి మొదలెడదామన్నాడు డ్రైవరు. కారెక్కగానే ముక్కు ఎగబీల్చి, సంచిలో ఏముందని అడిగాడు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే అప్ప ఓ గుప్పెడు నెత్తళ్ళు తీసి అతని చేతిలో పెట్టింది. అతను ఒకటి నమిలి, రెండోది నమిలి, ఆ పూటంతా అప్పని అమ్మా అనే పిలిచాడు.

మొదటి చర్చి ఎర్రరాతి కట్టడం. "ఇది ఎర్రగున్నాది, ఇది కాదు" అని గేటు దగ్గరే తేల్చేసింది గాని, వచ్చాం కదా అని లోపలికి నడిచింది. అక్కడ ఓ సాధువు శరీరం వెండిపెట్టెలో ఎత్తుగా పెట్టి ఉంది. జనం ఫొటోలు తీసుకుంటూ గోలగోలగా ఉన్నారు. నేను ఆయన వయసూ, వచ్చిన ఓడా, కాలం అన్నీ చెప్పడం మొదలుపెట్టాను. అప్ప నా మోచెయ్యి గిల్లింది.

"నెమ్మదిగా మాటాడే. పడుకున్నాడు కదా పెద్దాయన. ఇంత గోలలో నిద్ర ఎలాగ పడతాది?"

ఆ తర్వాత ఆవిడ ఆ హాల్లో ఉన్న ప్రతివాడికీ వేలు పెదవి మీద పెట్టి చూపించింది. చిత్రమేమంటే అందరూ ఊరుకున్నారు. కాపలావాడు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు, ఏ అధికారం ఉందనుకున్నాడో.

బయట మైనంతో చేసిన కాళ్ళూ చేతులూ పసిపిల్లలూ ఇళ్ళూ అమ్ముతున్నారు. మొక్కున్నవాళ్ళు కొని చర్చిలో పెడతారు. అప్పకి ఇవి తెగ నచ్చేశాయి. మన గుళ్ళలో వెండి కళ్ళు ఇస్తాం కదా, అలాంటివే అని. ఒక్కొక్కటీ తిప్పి చూసి "పడవ ఉన్నాదా?" అని తెలుగులో అడిగింది. నేను హిందీలో అడిగాను. లేదన్నారు. రెండు లావుపాటి కొవ్వొత్తులు కొంది. వాటిని కారు అద్దం కింద ఎండలో పెట్టించింది. రెండో చర్చి చూసి వచ్చేసరికి అవి మెత్తబడ్డాయి. ఒళ్ళో గుడ్డ పరుచుకుని నలిపి, సాగదీసి, ముక్కు తీర్చి, పడవ చేసింది. ఓ పక్కకి ఒరిగిపోయింది.

"ఒరిగిపోయిందప్పా."

"ఆడి పడవా అలగే ఒరిగినాది. ఉండనీ."

ఆ రెండో చర్చి తెల్లగా, మా స్కూలు బిల్డింగులు నాలుగు పట్టేంత పెద్దగా ఉంది. లోపల బంగారు రంగు పీఠం మెరిసిపోతోంది. అప్ప ఆశగా బయటికొచ్చి చుట్టూ చూసింది. నది కనిపించలేదు. ఇదీ కాదంది. ఆ తర్వాత ఒక కొండ మీద గోపురం ఒక్కటే మిగిలి తక్కినదంతా కూలిపోయిన చోటు చూపించాడు డ్రైవరు. "పాపం, ఎవులూ సున్నం కొట్టించలేదు" అని జాలి పడింది. అక్కడ చెట్టు కింద కూర్చుని అడ్డపొగ వేస్తుంటే తెల్లవాళ్ళ గుంపు ఒకటి వచ్చి చుట్టూ మూగింది. ఒకామె నోరు కాలుతుందని సైగలు చేసింది. అప్ప చుట్ట తీసి ఆవిడకి అందించింది. ఆవిడ పారిపోయింది.

మధ్యాహ్నం దాటేసరికి నాకు కాళ్ళు పీకుతున్నాయి, చిరాకు కూడా వస్తోంది. చూసిన ప్రతి చోటా నేను చెప్పాలనుకున్న చరిత్ర నా కడుపులోనే ఉండిపోయింది. అప్ప మాత్రం ప్రతి చర్చిలో నేరుగా మేరీమాత విగ్రహం దగ్గరికే వెళ్ళేది. ఎగాదిగా చూసేది. ఓ చోట చాలాసేపు నిలబడి అంది:

"సంకలో పిల్లడినెత్తుకుని నిలబడిపోనాది. ఈ తల్లి కన్నోరిల్లు ఎక్కడే?"

"సముద్రానికి అవతలప్పా. పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చారు."

"అయితే కన్నోరెవులూ రారన్నమాట. సూడు, ఏ గుడిలో సూసినా అదే రంగు బట్ట. ఎవులు తెస్తారు సారె?"

మా వైపు అమ్మవార్లకి కూడా పుట్టిల్లూ అత్తిల్లూ ఉంటాయి. పండక్కి పుట్టింటివాళ్ళు సారె తేవాలి. తేకపోతే అమ్మవారు చిన్నబుచ్చుకుంటుంది. అప్ప బుట్ట గట్టిగా పట్టుకుని మళ్ళీ కారెక్కింది. ఆ ఒక్క మాటతో నా చిరాకు ఎటు పోయిందో తెలీదు. నేను చర్చిలు చూడ్డానికి వచ్చాను. ఆవిడ అయినవాళ్ళింటికి వచ్చింది.

చివరికి డ్రైవరు ఒక గుట్ట మీదికి తీసుకెళ్ళాడు. పైన చిన్న చర్చి. సున్నం తెలుపు. ముందు మెట్లు. మెట్ల మీంచి చూస్తే కింద కొబ్బరితోటల వెనక నది మెరుస్తోంది. అప్ప మెట్ల కింద ఆగి చెప్పులు విడిచింది.

"ఇదేనేటే?"

"తెల్లగా ఉంది. నది కనిపిస్తోంది" అన్నాను.

లోపల గౌను వేసుకున్న ఒక ముసలమ్మ ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలు తోముతోంది. మమ్మల్ని చూసి, మూసేసే వేళయిందని చెయ్యి ఊపింది. నేను హిందీ కూడగట్టుకునే లోపలే అప్ప వెళ్ళి ఆవిడ ఎదురుగా చతికిలబడి, బుట్ట మూత తీసి, తెలుగులో మొదలుపెట్టింది. తమ్ముడు, పడవ, గాలివాన, మొక్కు, అంతా. ఆ ముసలమ్మ కొంకణిలో ఏదో అడుగుతుంది. ఈవిడ తెలుగులో జవాబు చెబుతుంది. నేను మధ్యలో స్తంభంలా నిలబడ్డాను. ఉన్నట్టుండి ఆ ముసలమ్మ అప్ప కుడిచెయ్యి పట్టుకుని బొటనవేలి కింద ఉన్న పాత కత్తి గాటు చూసింది. తన చెయ్యి పక్కన పెట్టింది. అదే చోట అలాంటి గాటే. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆవిడా ఒకప్పుడు చేపలు కోసిన మనిషే.

ఆ తర్వాత నాకు పని లేకపోయింది. ముసలమ్మ చీర అంచు వేళ్ళ మధ్య నలిపి చూసి, బావుందన్నట్టు తలూపింది. విగ్రహానికి చీర కట్టడం కుదరదని సైగ చేసి, కటకటాల గేటు తాళం తీసింది. అప్ప లోపలికెళ్ళి తల్లి పాదాల దగ్గర పళ్ళెంలో చీర, పసుపు కుంకాలు, గాజులు, అరిసెలు పెట్టింది. ఒరిగిన మైనపు పడవ పక్కన నిలబెడితే పడిపోయింది. ముసలమ్మ ఒక ఇత్తడి స్తంభాన్ని ఆనించి దాన్ని నిలబెట్టింది.

అప్ప ఏం మొక్కుకుందో నాకు వినపడలేదు. గట్టిగా మాట్లాడే మనిషి అక్కడ పెదాలు మాత్రం కదిపింది.

తిరిగి వస్తుంటే ముసలమ్మ ఆగమంది. పళ్ళెం ఖాళీగా ఇవ్వడానికి మనసొప్పనట్టు చుట్టూ చూసి, ఒక కొత్త కొవ్వొత్తి, పీఠం మీంచి గుప్పెడు తెల్ల పూలు తీసి పళ్ళెంలో వేసింది. సారె తెచ్చినవాళ్ళని ఉత్త పళ్ళెంతో పంపకూడదని మా ఇళ్ళలో ఆనవాయితీ. అప్ప కళ్ళు పెద్దవి చేసి నా వంక చూసింది. ఆ పూలలోంచి ఒక రెమ్మ తీసి ముసలమ్మ అప్ప జడలో పెట్టేసింది.

అప్ప భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ తర్వాత ఆవిడ తలలో పువ్వు పెట్టలేదు. ఎవరైనా పేరంటంలో పొరపాటున ఇచ్చినా తీసుకునేది కాదు. ఆవిడ చెయ్యి జడ వైపు వెళ్ళింది. పువ్వుని తడిమింది. అక్కడే ఆగింది.

"అమ్మ ఇంట్లో ఎట్టిన పువ్వు తియ్యకూడదు" అంది, నాతో కాదు, ఎవరితోనో.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. నవ్వడం మొదలుపెట్టింది. దేనికో నాకు తెలీదు, అలసటకో, పువ్వుకో, మొక్కు తీరిన తేలికకో. కొంగు నోటికడ్డం పెట్టుకున్నా ఆగలేదు. వెనక తెల్లటి చర్చి, పైన ఆకాశం. నేను ఫోన్లో ఫొటో తీసి తమ్ముడికి పంపాను. కాసేపటికే ఫోన్ మోగింది. గోవా పేరెత్తితే లేచిపోయే మనిషి తనంతట తనే చేశాడు. స్పీకర్ పెట్టాను.

"ఇదేరా?" అంది అప్ప.

అటు ముందు అలల హోరు ఒక్కటే వినపడింది.

"ఇదే అప్పా. ఇదే."

"సరిగ్గా సూసినావా?"

"సూసినాను. ఇదే. ఒచ్చీ బేగి."

డ్రైవరు కూడా చప్పట్లు కొట్టాడు.

రైలుకి వెళ్ళే దారిలో కారు నది పక్కనే పోతోంది. పొద్దు వాలుతోంది. నాకు నిద్ర ముంచుకొస్తోంది. అప్ప డ్రైవరుని చేత్తో తట్టి సముద్రం ఎటని అడిగితే, నేను కళ్ళు మూసుకునే హిందీ చేసి చెప్పాను. ఎదురుగా అని చూపించాడు. అప్ప ముందుకి చూసింది, వెనక్కి చూసింది, తర్వాత కుడివైపు కిటికీలోంచి నదికి అవతలి ఒడ్డు చూసింది. ఉన్నట్టుండి రెండు చేతులూ జోడించింది. కళ్ళు తెరిచి నేనూ చూశాను. అవతల నీళ్ళని ఆనుకుని ఒక తెల్ల చర్చి, దాని ముందు రెండు మూడు పడవలు. కారు వంతెన దాకా వచ్చి వేరే రోడ్డెక్కింది.

రైలు కదిలాక చెప్పింది.

"అదేనే ఆ గుడి."

"ఏది?"

"నీల్లంచుది. ఎల్లేటప్పుడు ఎడమా, ఒచ్చేటప్పుడు ఎడమా అన్నాడు కదా ఆ కారబ్బాయి. ఆడు తిరిగొస్తాననే కదే మొక్కినాడు. ఇంటికొచ్చేవోడికి కనపడే ఎడం అది. సముద్రం కాన్నించి వస్తే ఆ ఒడ్డే ఎడం."

నేను లేచి కూర్చున్నాను. "మరి అప్పుడే చెప్పకపోయావా? రైలు పోతే పోయేది."

"ఆడు ఇదేనన్నాడు కదా. ఇప్పుడు కాదంటే మల్లీ గట్టునే కూకుంటాడు." జడలోని పువ్వు తడిమి చూసుకుంది. "ఈ తల్లీ ఆ తల్లీ ఒక్కలే అంటావు నువ్వు. నాను కాదనను. అయినా మొక్కిన గుమ్మం మొక్కిన గుమ్మమే. మల్లీ ఒద్దాం. నువ్వు మాత్రం ఆడితో అనకు."

మేం ఇల్లు చేరిన మర్నాడు తమ్ముడు సముద్రం మీద వేటకెళ్ళాడు. ఆ వారం అప్ప తట్టలో అతను పట్టిన చందువలు వచ్చాయి. నా గిన్నెలో కొసరుతో కలిపి వేసి, "ఆడు పట్టినాడు" అంది. వీధిలో ప్రతి గుమ్మంలోనూ అదే మాట చెప్పిందట.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఓ కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎర్రంచు ఆకుపచ్చ చీర, మొదటిదానికి జంట. "నీ బీరువాలో ఉంచు. మా ఇంట్లో ఉంటే ఆడు సూస్తాడు." ప్రతి ఏడూ దసరా దగ్గర పడగానే గుమ్మంలో తట్ట దించి అడిగేది, "సెలవులెప్పుడే?" అని. ఓ ఏడు నాకు ట్రైనింగు. ఓ ఏడు ఆవిడ మోకాళ్ళు. ఇంకో ఏడు మా అమ్మాయి పరీక్షలు. అడగడం మాత్రం మానలేదు. మొన్న వేసవిలో నిద్రలోనే పోయింది. రాత్రి తట్ట సర్దుకుని పడుకున్న మనిషి, పొద్దున్న తట్ట ఎత్తుకోడానికి లేవలేదు. నాకు ఆవిడ మీద ఇప్పటికీ కొంచెం కోపం ఉంది, చెప్పకుండా వెళ్ళిపోయినందుకు.

మొన్న ఆదివారం గుమ్మంలో తమ్ముడు నిలబడ్డాడు. ఈ వీధికి చేపలు తేవడం ఆపకూడదని వాళ్ళింట్లో అనుకున్నారట. గిన్నె తెచ్చాను. కవళ్ళు వేశాడు. డబ్బు తీసుకున్నాడు. వెళ్ళకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"టీచరమ్మా, మీతో ఒక మాట సెప్పాలి. గోవాలో మీరు పంపిన ఫొటోలో గుడి ఉన్నాది కదా. అది కాదమ్మా."

నేను గిన్నె కింద పెట్టాను.

"మాది నీల్లంచునే ఉంటాది. ఫొటోలోది గుట్టెక్కి ఉన్నాది. సూడగానే తెల్సిపోనాది."

"మరి ఇదేనన్నావేం?"

తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "అప్ప మెట్ల మీద కూకుని నవ్వతన్నాది. జడలో పువ్వున్నాది. మా బావ పోనాక అప్ప జడలో పువ్వు నాను సూల్లేదు. ఆ ముకం సూసి కాదని ఎలాగ సెప్తాను? ఇదేనన్నాను. అన్నాక మరి గట్టునెలాగ కూకుంటాను, ఎల్లిపోనాను."

"మొక్కు తీరలేదని తెలిసే వెళ్ళావా? భయం వెయ్యలేదా?"

"ఎయ్యకేటి. రోజూ ఏసినాది. అప్పకి తెలిస్తే మల్లీ బుట్ట సర్దీస్తాదని సెప్పలేదు. ఇప్పుడు ఎవులితోనన్నా సెప్పాలనిపించినాది."

నేను లోపలికెళ్ళి బీరువా తీశాను. కవరు తెచ్చి అరుగు మీద, అతని పక్కన పెట్టాను. కవరు నోరు తెరుచుకుని ఎర్రంచు కనిపించింది. వాళ్ళ ఇంట్లోంచి బుట్టలో కట్టి పంపిన చీర అతను మర్చిపోయే చీర కాదు.

"ఎప్పుడిచ్చినాది?"

"గోవా నుంచి వచ్చాక. నువ్వు చూడకూడదని నా దగ్గర దాచింది."

చీర ముట్టుకోబోయి, చేతులు చూసుకున్నాడు. చేతుల నిండా పొలుసులు. లేచి మా కుళాయి దగ్గరికెళ్ళి, సబ్బు అడిగి, మోచేతుల దాకా కడుక్కున్నాడు. లుంగీకి తుడుచుకుని వచ్చి చీర ఒళ్ళో పెట్టుకున్నాడు. మడత విప్పలేదు, పైన అరచెయ్యి ఆనించాడంతే.

"టీచరమ్మా, సెలవులెప్పుడు?" అన్నాడు.